బలహీనత ఎటు జరిగింది?

జంషెడ్‌పూర్‌లో పాత కారు పెట్టుకున్నవాళ్లకు వేరే ఊళ్లో సులభంగా దొరకని సదుపాయం ఒకటుంది. ఇనుము గురించి ఏ సందేహం వచ్చినా అడగడానికి వీధిలోనే ఎవరో ఒకరుంటారు. కదమా, బిష్టుపూర్, టెల్కో కాలనీల్లో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలనే తీసుకోండి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి రైలెక్కి టాటానగర్‌లో దిగినవాళ్ల మనవలు, మునిమనవలు వీళ్లు. ఒకరు రోలింగ్ మిల్లు మనిషి, ఒకరు ఫోర్జింగ్ షాపు మనిషి, ఇంకొకరు వెల్డింగ్ అతుకుల్లో పగుళ్లు వెతికే మనిషి. బిష్టుపూర్ రామమందిరంలో సీతారామ కల్యాణానికి చేరినవాళ్లలోంచే ఒక కారును మొత్తం విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించగల పనితనాన్ని పోగుచేయొచ్చు. పాత స్పోర్ట్స్ కారును బాగుచేసుకోవడం అనే అభిరుచి నిజానికి లోహాల చదువు. ఆ చదువుకు ఇంతకన్నా మంచి ఊరు నాకు తెలియదు.

అయితే ఇది లారీల ఊరు. 1945లో రైలింజన్ల తయారీకి మొదలైన టెల్కో, 1954లో డైమ్లర్-బెంజ్‌తో కలిసి ఇక్కడ లారీలు చేయడం మొదలుపెట్టింది. అదే 1954లో, అదే జర్మన్ కంపెనీ, పైకి తెరుచుకునే తలుపులున్న 300 ఎస్‌ఎల్ స్పోర్ట్స్ కారును న్యూయార్క్‌లో ప్రదర్శించింది. మనకు లారీలు వచ్చాయి. అప్పటి దేశానికి కావలసినవి అవే. టెల్కో పుట్టినప్పుడు సంస్థ పగ్గాలు పట్టిన జె.ఆర్.డి. టాటా కుర్రతనంలో బొంబాయి వీధుల్లో నీలం బుగాట్టి నడిపిన మనిషి. కానీ స్వాతంత్ర్యం తర్వాత దిగుమతుల కట్టడిలో అలాంటి కారు మామూలు ఉద్యోగి ఊహకు కూడా అందేది కాదు. అతనికి అందుబాటులో ఉన్నంతలో స్పోర్ట్స్ కారుకు చుట్టమైనది ఒక్కటే: 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్.

హెరాల్డ్‌ను చుట్టం అన్నది ఊరికే కాదు. దాని మూలం ఇంగ్లండ్‌లో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్. గీసినవాడు ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలోత్తి. 1962లో అదే ఛాసిస్‌ను కురచచేసి, 1147 సీసీ ఇంజన్ పెట్టి, రెండు సీట్ల ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌ను తయారుచేశారు. ముందు సస్పెన్షన్, స్టీరింగ్, వెనక ఇరుసు అన్నీ ఒకే కుటుంబానివి. మన హెరాల్డ్‌లో ఉన్నది 948 సీసీ ఇంజనే అయినా, షోలవరం విమానాల రన్‌వే మీద జరిగిన పందేల్లో ఆ బండ్లు పరుగెత్తాయి. అభిరుచి ఉన్నవాడికి దీనిలో మరో వరం ఉంది. బానెట్, మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ఒక్కసారిగా ముందుకు తెరుచుకుంటుంది, చక్రం మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. బాడీ ముక్కలుముక్కలుగా ఛాసిస్‌కు బోల్టులతో బిగించి ఉంటుంది. విప్పడానికి పుట్టిన కారు అది.

దాని వెనక చక్రం కథ మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. కారును మెరుగుపరచడం అంటే ఏమిటో ఆ ఒక్క కథలో మొత్తం ఉంది.

మామూలు లారీలో రెండు వెనక చక్రాల మధ్య ఒకే గట్టి ఇరుసు ఉంటుంది. హెరాల్డ్‌లో అలా కాదు. డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది, దాని నుంచి రెండు పక్కలకు రెండు సగం ఇరుసులు బయలుదేరతాయి. ఒక్కో దానికి లోపలి కొసన మాత్రమే కీలు. అడ్డంగా పడుకోబెట్టిన ఒక కమాను రెండు చక్రాలనూ మోస్తుంది. గుంత వచ్చినప్పుడు ఒక చక్రం కుదుపు రెండోదానికి అంతగా తెలియదు. నేరుగా ఉన్న రోడ్డు మీద హాయిగా ఉంటుంది. చిక్కంతా మలుపులో వస్తుంది. కారు మలుపు తిరుగుతుంటే బయటి వైపు టైరు రోడ్డును పట్టుకుని కారును లోపలికి తోస్తుంది. ఆ తోపు నేల మట్టంలో పుడుతుంది. కీలు మాత్రం దానికి ఎంతో ఎత్తున ఉంది. అందుకే ఆ బలం కారును పక్కకు తోయడంతో ఊరుకోక, వెనక భాగాన్ని పైకి ఎత్తుతుంది. ఎత్తిన కొద్దీ చక్రం అడుగు లోపలికి ముడుచుకుంటుంది. టైరు అంచు ఒక్కటే రోడ్డును తాకుతుంది. సరిగ్గా అప్పుడే డ్రైవరు భయపడి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే బరువు ముందుకు మళ్లి, వెనక ఇంకా తేలిక అవుతుంది. తోక హఠాత్తుగా తిరిగిపోతుంది.

పైన చెప్పిన 300 ఎస్‌ఎల్‌కూ ఇదే రకం ఇరుసు. అమెరికాలో షెవ్రొలే కోర్వెయిర్‌కూ ఇదే. 1965లో రాల్ఫ్ నాడర్ రాసిన పుస్తకం ఆ కారు మీదే మొదలై, వాహన భద్రతా చట్టాలకు దారితీసింది.

హెరాల్డ్ కుటుంబంలో ఈ లోపానికి మూడు వేర్వేరు జవాబులు వచ్చాయి. 1968లో కొన్ని మోడళ్లకు సగం ఇరుసులో రబ్బరు కీలు ఒకటి అదనంగా పెట్టి, కింద ఊతకర్ర అమర్చారు. జబ్బుకు అది పూర్తి మందే, కానీ ఖరీదైనది, పైగా ఆ రబ్బరు అరిగిపోతుంది. 1970లో వచ్చిన నాలుగో తరం స్పిట్‌ఫైర్‌లో ఇంకా తెలివైన పని చేశారు. కమాను ఆకులన్నిటినీ డిఫరెన్షియల్‌కు బిగించకుండా, ఒక్క అడుగు ఆకును మాత్రం బిగించి, మిగతావాటిని నడుమ అటూ ఇటూ ఊగనిచ్చారు. కారు పక్కకు ఒరిగేటప్పుడు వెనక కమాను మునుపటంత ఎదురు తిరగదు, బయటి చక్రం మీద బరువు అంతగా పోగుపడదు. మూడో జవాబు మనది. 1972లో హెరాల్డ్‌ను దిద్ది స్టాండర్డ్ గజెల్‌గా తెచ్చినప్పుడు మద్రాసు వాళ్లు ఊగే ఇరుసును తీసేసి గట్టి ఇరుసు పెట్టారు. మన యజమానులకూ మెకానిక్కులకూ పాతది నచ్చలేదు. విదేశీ పత్రికలు దీన్ని వెనకడుగుగా చూడొచ్చు. నా దృష్టిలో అది సరైన ఇంజనీరింగ్. ఏ పల్లెలో ఆగిపోయినా బాగుచేయగలిగిన ఇరుసు మన రోడ్లకు కావాలి.

ఇప్పుడు ఒక హెరాల్డ్ యజమాని చేతిలో కాస్త డబ్బు ఉందనుకుందాం. అందరూ మొదట చేసేది టైర్లు మార్చడం. పాత రకం టైర్ల స్థానంలో వెడల్పాటి రేడియల్ టైర్లు వేస్తారు. పట్టు పెరుగుతుంది. పట్టు పెరిగితే మలుపులో పక్కకు తోసే బలం పెరుగుతుంది. ఆ బలమే వెనక భాగాన్ని ఎత్తేది! అంటే మంచి టైర్లు వేసినందువల్ల చక్రం ముడుచుకునే ప్రమాదం ఎక్కువైంది. మునుపు టైరు ముందే జారి హెచ్చరించేది, ఇప్పుడు హెచ్చరిక లేకుండా తోక తిరుగుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. యంత్రంలో ఒక చోట బలం పెంచితే బలహీనత మాయం కాదు, మరో చోటికి జరుగుతుంది. అది ఎటు జరిగిందో ముందే కనిపెట్టడమే ఈ అభిరుచిలోని విజ్ఞానం.

రేడియల్ టైర్లు వేసేవాళ్లు కమాను వంపు కూడా తగ్గించి వెనక భాగాన్ని కొంచెం కిందికి దించాలి, అప్పుడు చక్రాల అడుగు ముందే బయటికి వాలి ఉంటుంది. లారీ కమాన్లు చేసే పనివాళ్లున్న ఊరు కనుక ఇది ఇక్కడ కష్టమేమీ కాదు. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచే తొందరను మాత్రం ఒప్పుకోకండి. కమాను ఉక్కుకు ఆ సాగే గుణం ఊరికే రాలేదు. 850 డిగ్రీల ప్రాంతానికి వేడిచేసి నూనెలో ముంచి, మళ్లీ 450 డిగ్రీల దగ్గర పదును దించితే వచ్చింది. మంట తగిలి గాలికి చల్లారిన చోట ఆ గుణం పోతుంది, కమాను అక్కడే కుంగుతుంది. చల్లగానే వంచాలి, లేదా మొత్తం ప్రక్రియ మళ్లీ చేయాలి.

ఇక బ్రేకులు. ఇంజన్ మీద ఖర్చుపెట్టే ముందు వీటి మీద పెట్టమని అనుభవజ్ఞులందరూ చెబుతారు. ఎందుకో లెక్క చూద్దాం. మనుషులతో కలిపి 900 కిలోల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో ఉన్న శక్తి 2.2 లక్షల జౌళ్లు. 110కి పోతే 4.2 లక్షలు. వేగం మూడో వంతు పైచిలుకు పెరిగితే ఆపవలసిన శక్తి దాదాపు రెట్టింపయింది. రాంచీ పీఠభూమి జంషెడ్‌పూర్ కన్నా సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి ఇంటికి దిగి వచ్చేసరికి ఇదే కారు 44 లక్షల జౌళ్ల శక్తిని వదిలించుకోవాలి. 80 కిలోమీటర్ల వేగం నుంచి 20 సార్లు ఆగినంత. 130 కిలోమీటర్ల దారిలో చాలా భాగాన్ని గాలి, టైర్ల రాపిడి, ఇంజన్ పంచుకుంటాయి. కానీ తైమారా ఘాటీ లాంటి వాలులో గేరు దించకుండా బ్రేకు మీదే కాలు పెట్టినవాడి కారులో ఆ వేడంతా నాలుగు డ్రమ్ములకే చేరుతుంది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లైనింగ్‌కు దూరం జరుగుతుంది, పెడల్ కిందికి పోతుంది. డిస్కు వ్యాకోచిస్తే ప్యాడ్ల వైపే జరుగుతుంది, పైగా గాలిలో బయట ఉండి త్వరగా చల్లారుతుంది. స్పిట్‌ఫైర్‌కు మొదటి నుంచీ ముందు చక్రాలకు డిస్కులున్నాయి. ఒకే కుటుంబం కనుక హెరాల్డ్‌కు వాటిని అమర్చవచ్చు.

బలహీనత ఇప్పుడు ఎటు జరిగింది? బ్రేకు నూనెలోకి. గట్టి డిస్కులు ఎక్కువ పని చేసి ఎక్కువ వేడిని కాలిపర్‌కు పంపుతాయి. డాట్ 4 నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తడిసినదానికి ఆ హద్దు 155కు పడిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి, పెడల్ నొక్కితే అవి నలుగుతాయి తప్ప చక్రం ఆగదు. జంషెడ్‌పూర్‌లో నాలుగు నెలల వానాకాలం గడిచిన నూనెను దసరాకు ముందు మార్చడం మంచి అలవాటు.

తుప్పు సంగతి ఈ ఊళ్లో ఎంత చెప్పినా తక్కువే. 1950 నవంబరు 26న నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల ఇక్కడే ఉంది. బెంగాల్ తీరంలో దీఘా దగ్గర సముద్రపు గాలికి లోహాలు ఎలా తుప్పు పడతాయో చూడటానికి అది ప్రత్యేక కేంద్రమే నడిపింది. తుప్పుకు నీరూ, ఆక్సిజనూ కావాలని బడిలో చదువుకున్నాం. ఎంత నీరు అన్నదే అసలు ప్రశ్న. వెర్నన్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త 1930ల్లో దీన్ని తేల్చాడు. గాలిలో సాపేక్ష తేమ 60 శాతం లోపు ఉన్నంతకాలం ఇనుము దాదాపు తుప్పు పట్టదు. ఆ గీత దాటాక, అందులోనూ బొగ్గు కాలే చోట గాలిలో ఉండే సల్ఫర్ డయాక్సైడ్ తోడైతే, వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. జంషెడ్‌పూర్ సముద్రానికి దూరమే. కానీ జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ 60 శాతం గీతకు పైనే బతుకుతుంది.

వానాకాలంలో కారును ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పడం ప్రేమతో చేసే కీడు. తేమ లోపలే చిక్కుతుంది, రాత్రి రేకు చల్లబడగానే దాని మీదే నీరు పడుతుంది. గాలి ఆడే బట్ట కప్పండి, కింద నేల పొడిగా ఉంచండి. హెరాల్డ్ ఛాసిస్ బోలు పెట్టెల కూర్పు, లోపలి వైపు రంగు లేదు. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకులు అతికిన చోట లోపల పుట్టిన తుప్పు వాటిని విడదీసుకుంటూ బయటికి వస్తుంది. పైన రంగు ఉబ్బినట్టు కనిపించేనాటికి లోపల పని చాలావరకు అయిపోయి ఉంటుంది. ఏప్రిల్, మే ఎండల్లో రేకు ఎండి కాగినప్పుడు ఆ బోలుగదుల్లోకి పల్చని మైనం కొట్టించాలి. వేడికి అది సందుల్లోకి పాకుతుంది. అడుగున నీరు కారే చిల్లులు మూసుకోలేదని పుల్ల పెట్టి చూడాలి. ఈ రెండు పనులకు అయ్యే ఖర్చు ఒక టైరు ఖరీదు కూడా ఉండదు, కారు ఆయుష్షును మాత్రం అవే నిర్ణయిస్తాయి.

బజారులో దొరికే రస్ట్ కన్వర్టర్లలో చాలావాటి సారం ఫాస్ఫారిక్ ఆమ్లం. అది మిగిలిన తుప్పును ఇనుప ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. ఫాస్ఫరస్‌కూ ఇనుముకూ ఉన్న ఈ స్నేహం పాతది. ఢిల్లీ ఇనుప స్తంభం 1600 ఏళ్లు నిలవడానికి కారణం, దానిలో ఎక్కువగా ఉన్న ఫాస్ఫరస్ ఉపరితలం మీద కట్టిన రక్షణ పొరేనని కాన్పూర్ ఐఐటీ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించారు. ఇంజన్ లోపలా అదే సాయం చేస్తుంది. పాత ఇంజన్లలో క్యామ్‌కూ ట్యాపెట్‌కూ మధ్య జరిగే రాపిడిని, ఆయిల్‌లో కలిపే జింకు-ఫాస్ఫరస్ సమ్మేళనం ఒక పల్చని పొర కట్టి కాపాడుతుంది. కొత్త కార్ల కేటలిటిక్ కన్వర్టర్‌కు ఫాస్ఫరస్ పడదు కాబట్టి ఇప్పటి ఆయిళ్లలో దాన్ని తగ్గించారు. ఖరీదైన కొత్త ఆయిల్ పోసినంత మాత్రాన పాత క్యామ్‌కు మేలు జరగదని దీని అర్థం.

రేకు అతుకు వేయడానికి కొత్త కారు ముక్కలు వాడాలనే కోరిక కలుగుతుంది. వద్దు. పాత బాడీది మెత్తని, కార్బన్ తక్కువ ఉక్కు, సుత్తి దెబ్బకు మాట వింటుంది. నేటి కారు భాగాల్లో చాలావాటిది అధిక బలపు ఉక్కు. దాని బలం కొంత వేడిచేసి చల్లార్చిన తీరులో ఉంటుంది, వెల్డింగ్ మంట దాన్ని చెడగొడుతుంది. పైగా మెత్తని రేకు పక్కన గట్టి రేకు అతికితే వంగుడంతా అతుకు పక్కకే చేరుతుంది. మళ్లీ అదే సూత్రం.

ఇంజన్ బలం పెంచినవాళ్లకు బలహీనత చేరే చోటు ఆ సగం ఇరుసులే. లోహం ఒక్క దెబ్బకు విరగకపోయినా లక్షలసార్లు మెలిపెడితే అలసిపోతుంది. జర్మనీలో ఆగస్ట్ వోలర్ 19వ శతాబ్దం మధ్యలో రైలు ఇరుసుల మీద పరీక్షలు చేసి, ఉక్కుకు ఒక హద్దు ఉందని చూపాడు. ఆ హద్దుకు లోపల ఎన్నిసార్లు మెలిపెట్టినా విరగదు, పైన మాత్రం ప్రతి మెలికా లెక్కలోకి వస్తుంది. అల్యూమినియానికి అలాంటి హద్దే లేదు. 948 సీసీ ఇంజన్ కోసం గీసిన ఇరుసుకు ఇంకా పెద్ద ఇంజన్ తగిలిస్తే అది ఆ హద్దు దాటే ప్రమాదం ఉంది. జంషెడ్‌పూర్‌లో ఉన్నవాళ్లకు ఇక్కడ పెద్ద ధీమా ఉంది. ఎర్ర రంగు ద్రవం పూసి తుడిచి, తెల్ల పొడి చల్లి పగులును బయటపెట్టే డీపీ టెస్ట్ చేయడం వచ్చినవాళ్లు ఈ ఊళ్లోనూ, ఖర్కాయి అవతల ఆదిత్యపూర్ షెడ్లలోనూ ఎందరో ఉన్నారు. ఇరుసు విప్పినప్పుడల్లా ఆ పరీక్ష చేయించాలి. చక్రాలు, డిఫరెన్షియల్ తిరిగే శంఖాకారపు రోలర్ బేరింగుల్లాంటివి చేసే టిమ్‌కెన్ కర్మాగారమూ ఇక్కడే ఉంది. కొలత తెలిస్తే సరిజోడు వెతకడం కష్టం కాదు.

చివరికి పెట్రోలు. 2025 నాటికి మన బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది, కనుక పూర్తిగా మండడానికి గాలి తక్కువ చాలు. మామూలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావలసిన చోట దీనికి దాదాపు 13.5 పాళ్లు. కార్బొరేటర్‌కు ఆ సంగతి తెలియదు, పాత లెక్కనే కొలిచి ఇస్తుంది. మిశ్రమం సుమారు 8 శాతం పల్చబడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. ఇక్కడ జంషెడ్‌పూర్ వాతావరణం కూడా కలగజేసుకుంటుంది. మే నెల 43 డిగ్రీల గాలి జనవరి తెల్లవారుజామున ఉండే 10 డిగ్రీల గాలి కన్నా పదో వంతు తేలిక. గాలి తేలికైతే కార్బొరేటర్ మిశ్రమం 5 శాతం దాకా చిక్కబడుతుంది. అందుకే కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచే జెట్‌ను మే నెలలో సరిచూసి సంతోషిస్తే జనవరి పొద్దున అది పల్చన అవుతుంది. చలికాలంలో సరిచూసుకోవాలి. నిలవ ఉంచిన కారులో ఇథనాల్ తేమను పీల్చి, నీటితో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది, అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. పాత రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బి పగులుతాయి. వాటి స్థానంలో ఫ్లోరోకార్బన్ రబ్బరు గొట్టాలు వేయడం నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చేయవలసిన మార్పు, ఎందుకంటే అవి ఉన్నది వేడి ఇంజన్ పక్కన.

చట్టం కూడా చూసుకోవాలి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చిన వాహనాలను రిజిస్టరు చేయడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకు 20,000 రూపాయలు కట్టి 'వీఏ' అక్షరాల నంబరు తీసుకోవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు, రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. 1972 నాటి గజెల్ కూడా ఇప్పుడు ఆ వయసుకు వచ్చేసింది. కాబట్టి మార్పులేవైనా బోల్టు విప్పితే పాత రూపం తిరిగి వచ్చేలా ఉండాలి. ఛాసిస్‌ను కోయకూడదు, కొత్త చిల్లు వేయకూడదు. తీసేసిన డ్రమ్ములు, కమాను, గొట్టాలకు గ్రీజు పూసి, ఏది ఏ పక్కదో చీటీ కట్టి, నేలకు తగలకుండా అటక మీద పెట్టండి. అక్కడా తేమ 60 శాతం దాటుతుంది కనుక ఏటా వానలు వెలిశాక ఒకసారి దించి చూసి, గ్రీజు ఆరిన చోట మళ్లీ పూయాలి.